కజిన్‌కు జర్మన్‌లో ఏమంటారు?

1913 మే 24న బెర్లిన్‌లో ఒక పెళ్లి జరిగింది. జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కు ఆరుగురు కొడుకుల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క కూతురి పెళ్లి. ఇంగ్లండ్ రాజు ఐదో జార్జ్, రష్యా చక్రవర్తి రెండో నికొలస్ ఇద్దరూ వచ్చారు. జర్మన్ సైనిక దుస్తుల్లో వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో చాలా ప్రసిద్ధం. అదే గడ్డం, అదే మీసకట్టు, అవే కళ్లు. కవలలేమో అనిపిస్తుంది. విల్‌హెల్మ్‌తో కలిపి ఈ ముగ్గురి గురించి ఇంగ్లిష్‌లో ఎవరు రాసినా వాడే మాట ఒక్కటే: కజిన్స్.

తెలుగింటి పెళ్లిలో ఈ మాట ఎవరికీ చాలదు. ‘ఎవరి తరఫున? ఏ వరస?’ అని వెంటనే అడుగుతారు. అలా అడిగితే ఒక్క మాట కాస్తా రెండుగా చీలిపోతుంది. విల్‌హెల్మ్ తల్లి, జార్జ్ తండ్రి అక్కాతమ్ముళ్లు, విక్టోరియా మహారాణి పిల్లలు. అంటే విల్‌హెల్మ్ జార్జ్‌కు మేనత్త కొడుకు. 1859లో పుట్టిన విల్‌హెల్మ్, 1865లో పుట్టిన జార్జ్ కంటే పెద్దవాడు కాబట్టి బావ అవుతాడు. నికొలస్ సంగతి వేరు. అతని తల్లి డాగ్మార్, జార్జ్ తల్లి అలెగ్జాండ్రా ఇద్దరూ డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ కూతుళ్లు. నికొలస్ జార్జ్‌కు పిన్ని కొడుకు, 1868లో పుట్టినవాడు. కాబట్టి తమ్ముడు.

పెళ్లికూతురి వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. తండ్రికి మేనమామ కొడుకు కాబట్టి జార్జ్ ఆమెకు మామయ్య వరస. నికొలస్ భార్య అలిక్స్ తల్లి, విల్‌హెల్మ్ తల్లి అక్కచెల్లెళ్లు. కాబట్టి అలిక్స్ పెళ్లికూతురికి మేనత్త అవుతుంది, ఆమె భర్త నికొలస్ మామయ్య అవుతాడు. జార్జ్, నికొలస్ అన్నదమ్ముల వరస గనుక ఆ దారిన వచ్చినా మామయ్యే. రెండు దారుల్లో ఎటు లెక్కేసినా లెక్క తప్పదు. వరసలు అంటే ఏదో నోటి అలవాటు కాదని, వాటి వెనక పక్కా లెక్క ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇంగ్లిష్ ఈ లెక్కలో ఏదీ అడగదు. మగా ఆడా, పెద్దా చిన్నా, తల్లి వైపా తండ్రి వైపా, ఏదీ అక్కర్లేదు. జర్మన్ మాత్రం ఒక్కటి అడుగుతుంది: మగా, ఆడా? మగవాడైతే ‘కుజేఁ’ లేదా ‘ఫెట్టర్’. ఆడమనిషైతే ‘కుజీనె’ లేదా ‘బాజె’. మొదటిది రాతలో ఇంగ్లిష్ మాటలాగే ఉంటుంది, అక్షరం తేడా ఉండదు. కానీ పలికేటప్పుడు చివర నకారం మొత్తం వినపడదు, ముక్కుతో అంటారు. మన అరసున్న ఇక్కడ చక్కగా పనికొస్తుంది. జర్మన్ నేర్చుకునే తెలుగు పిల్లలు మొదటి పొరపాటు ఇక్కడే చేస్తారు. స్పెల్లింగ్ చూసి, అత్త కూతురిని కూడా కుజేఁ అనేస్తారు. వినేవాళ్లు మగపిల్లవాడు అనుకుంటారు.

మరి ఒక్కొక్కరికి రెండేసి మాటలు ఎందుకు? కుజేఁ, కుజీనె ఫ్రెంచ్ నుంచి వచ్చినవి. ఫెట్టర్, బాజె జర్మన్ సొంత మాటలు. ఈ సొంత మాటల కథ తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఎందుకంటే ఒకప్పుడు జర్మన్ కూడా మనలాగే లెక్క చూసేది.

ఫెట్టర్ అంటే మొదట కజిన్ కాదు, తండ్రి సోదరుడు. ‘ఫాటర్’ అంటే తండ్రి, ఆ మాటలోంచి పుట్టిందే ఇది. నాన్నలోంచి పెదనాన్న, చిన్నాన్న పుట్టినట్టే. బాజె అంటే తండ్రి సోదరి, మన మేనత్త. తల్లి సోదరి ‘మూమె’, అంటే పెద్దమ్మ, పిన్ని. తల్లి సోదరుడు ‘ఓహైమ్’, అంటే మేనమామ. నలుగురికి నాలుగు మాటలు! పాత ఇంగ్లిష్‌లోనూ అంతే. మేనమామను ‘ఏఆమ్’ అనేవారు, అది ఓహైమ్‌కు చుట్టమే. తండ్రి సోదరుడికి, తండ్రి సోదరికి, తల్లి సోదరికి వేరే మాటలు ఉండేవి. లాటిన్‌లోనూ నాలుగు ఉండేవి: పత్రువుస్, అవుంకులుస్, అమిత, మాతెర్తెర. ఇప్పుడు అందరూ వాడే అంకుల్ అనే మాట అవుంకులుస్ నుంచి వచ్చింది. అంటే అది అసలు మేనమామ ఒక్కడిదే. ఆంట్ అనే మాట అమిత నుంచి వచ్చింది. అది మేనత్తదే. ఇవాళ ఎదురింటాయనను అంకుల్ అని పిలిచే పిల్లాడు, ఆ మాట పుట్టుక ప్రకారం ఆయన్ని మేనమామ అంటున్నాడన్నమాట.

కజిన్ అనే మాట కూడా ఒకప్పుడు ఇంత విశాలమైనది కాదు. దాని మూలం లాటిన్ ‘కాన్సోబ్రీనుస్’. అందులో సోదరి అనే మాట దాగి ఉంది. అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు కాన్సోబ్రీనుస్. బాబాయి పిల్లలకు, మేనత్త పిల్లలకు రోమన్లకు వేరే పేర్లు ఉండేవి. కాబట్టి మాట పుట్టుక చూస్తే అసలైన కజిన్ పిన్ని కొడుకు, పెద్దమ్మ కొడుకు. అంటే జార్జ్, నికొలస్‌లే తప్ప విల్‌హెల్మ్ కాదు. తెలుగు ఎవరిని నిస్సందేహంగా అన్నదమ్ములు అంటుందో, సరిగ్గా వాళ్లకే ఆ మాట పుట్టింది. తర్వాత అది మేనరికపు బంధువులను కూడా తనలో కలిపేసుకుంది.

ఈ తేడాలు ఎందుకు చెరిగిపోయాయి? దీనికి ఒకే కారణం చెప్పడం సరికాదు. ఇంగ్లండ్‌లో 1066 తర్వాత నార్మన్ల పాలనతో ఫ్రెంచ్ మాటలు దిగాయి. జర్మన్ ప్రాంతాల్లో 17, 18 శతాబ్దాల్లో పెద్దింటి వాళ్ల ఫ్రెంచ్ మోజుతో ఓంకెల్ (అంకుల్), టాంటె (ఆంట్), కుజేఁ, కుజీనె ఇళ్లలోకి వచ్చాయి. కానీ బయటి మాట ఊరికే వచ్చి కూర్చోదు, సొంత మాటకు పని తగ్గినప్పుడే వస్తుంది. ఇక్కడ చర్చి నియమాలను కూడా చూడాలి. మధ్యయుగపు చర్చి దగ్గరి బంధువుల పెళ్లిళ్లను నిషేధించింది. 1215లో జరిగిన చర్చి పెద్దల లేటరన్ సభ ఆ నిషేధాన్ని ఏడో తరం నుంచి నాలుగో తరానికి తగ్గించింది గానీ, మేనమామ కూతురికీ బాబాయి కూతురికీ మధ్య తేడా చూపలేదు. ఇద్దరూ సమానంగా నిషిద్ధమే. తెలుగులో ఈ తేడాను మాట ఇన్ని శతాబ్దాలు మోసిందంటే, ఒకరు చెల్లెలు, ఇంకొకరు పెళ్లాడదగిన మరదలు కావడం వల్లే. ఆ అవసరం లేని చోట రెండు మాటలు ఎందుకు?

పోయిన మాటలు పూర్తిగా పోలేదు. యూరప్ యూదుల యిద్దిష్ భాషలో ‘ఫెటర్’ అంటే ఇప్పటికీ అంకులే, ‘మూమె’ అంటే ఆంటే. జర్మన్‌లో మాత్రం ఫెట్టర్ ఒక తరం కిందికి దిగింది. తండ్రి సోదరుడి పేరు అతని కొడుక్కి వచ్చింది, ఆ తర్వాత కజిన్ వరసలో ఉన్న మగవాళ్లందరికీ పాకింది. మేనత్త పేరు బాజె అలాగే ఆడ కజిన్ పేరయింది. ఈ బాజె ఇప్పుడు దక్షిణ జర్మన్ ప్రాంతాల్లో వినిపిస్తుంది గానీ, మిగతా చోట్ల పాతబడిపోయింది. అక్కడి ముద్దు రూపం ‘బేస్లె’. సంగీతకారుడు మొట్సార్ట్ ఆ మాటకు ఎప్పటికీ చావు లేకుండా చేశాడు. ఆగ్స్‌బర్గ్‌లో ఉండే మరియా అన్నా థెక్లా అతని తండ్రి తమ్ముడి కూతురు, అతని కంటే రెండేళ్లు చిన్న. 1777 నవంబర్‌లో ఆమెకు రాసిన ఉత్తరాన్ని ‘బేస్లె హేస్లె’ అని మొదలుపెట్టాడు. హేస్లె అంటే బుజ్జి కుందేలు. ప్రాస కోసం ఎంత సరదాపడ్డాడో చూడండి. ఇంగ్లిష్‌లోకి రాగానే ఆమె ‘లిటిల్ కజిన్’ అయిపోయింది, కుందేలుతో కలిసిన ప్రాస పోయింది. తెలుగులో ఆమె బాబాయి కూతురు, చెల్లెలు. కానీ ఆ ఉత్తరాల్లోని కొంటెతనం చూస్తే చెల్లెలా అని పిలిపించడం తెలుగు అనువాదకుడికి ఇబ్బందే. వరస నిజం, గొంతు మాత్రం వేరు. ఇలాంటి చోట బేస్లె అనే మాటను అలాగే ఉంచేసి, ఆమె ఎవరో ఒక్కసారి చెప్పడమే మంచిది.

ఇంగ్లిష్ కజిన్‌కు ఒకప్పుడు ఇంకా చాలా అర్థాలు ఉండేవి. రాజు పత్రాల్లో ఎర్ల్‌ను, అంటే పెద్ద హోదా ఉన్న ప్రభువును, ‘నమ్మకస్తుడవైన ప్రియ కజిన్’ అని సంబోధించే పద్ధతి ఉండేది. 1399 నుంచి 1413 వరకు ఏలిన నాలుగో హెన్రీ రాజ్యంలోని ఎర్ల్స్ అందరికీ ఏదో ఒక దారిన చుట్టమే కావడంతో ఆ పద్ధతి వచ్చిందని 18వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ వివరించాడు. మొదట చెప్పుకున్న బెర్లిన్ పెళ్లి జరిగిన మరుసటి ఏడు, 1914 జులై 29 నుంచి విల్‌హెల్మ్, నికొలస్ ఒకరికొకరు ఇంగ్లిష్‌లో టెలిగ్రామ్‌లు పంపుకున్నారు. యుద్ధం ఆపే ఆఖరి ప్రయత్నం అది. మొదట్లో పంపినదాని కింద విల్‌హెల్మ్ ‘మిత్రుడు, కజిన్ విల్లీ’ అని సంతకం చేశాడు. అతనికి అసలు ఫస్ట్ కజిన్ నికొలస్ కాదు, నికొలస్ భార్య. ఆ మాటను జర్మన్ చేస్తే ఫెట్టర్ అవుతుంది. తెలుగులో నికొలస్ చెల్లెలి భర్త, వాళ్లది బావాబావమరుదుల వరస. ఆగస్టు 1న జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది.

ఇక దూరం లెక్క. ఇక్కడ ఇంగ్లిష్ గట్టిగా ఉంటుంది, జర్మన్ తడబడుతుంది. తాతగారు ఒకరే అయితే ఫస్ట్ కజిన్. ముత్తాత ఒకరే అయితే సెకండ్ కజిన్. తరం తేడా ఉంటే ‘వన్స్ రిమూవ్డ్’, అంటే ఒక తరం అవతల. కానీ ఆ తేడా పైకా కిందకా అన్నది ఆ మాట చెప్పదు. తండ్రి కజిన్, కజిన్ కొడుకు ఇద్దరూ ఒకే పేరు కిందికి వస్తారు. జర్మన్‌లో ‘గ్రోస్‌కుజేఁ’ అనే మాటను కొందరు సెకండ్ కజిన్‌కు వాడతారు, కొందరు తల్లిదండ్రుల కజిన్‌కు వాడతారు. ఆ మాట ఎక్కడ కనిపించినా రాసినవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే. కానీ జర్మన్‌లో ఇంకో పద్ధతి ఉంది, తెలుగు చెవికి అది చాలా దగ్గర. తండ్రి కజిన్‌ను ‘రెండో అంచె ఓంకెల్’ అని, కజిన్ కొడుకును ‘రెండో అంచె నెఫె’ అని అంటారు. నెఫె అంటే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల కొడుకు. తరాన్ని బట్టి పేరు పెట్టడం ఇది. నాన్న కజిన్‌ను మనం బాబాయి అనో మామయ్య అనో అంటాం గానీ, కజిన్‌గా ఎప్పుడూ చూడం కదా.

చట్టం దగ్గరికి వస్తే ఈ అంకెలే మారిపోతాయి. జర్మన్ పౌర స్మృతి 1589వ సెక్షన్ ప్రకారం బంధుత్వపు అంచెను మధ్యలో ఉన్న పుట్టుకల సంఖ్యతో లెక్కిస్తారు. ఒక మనిషి నుంచి తండ్రికి ఒకటి, తండ్రి నుంచి తాతకు రెండు, తాత నుంచి బాబాయికి మూడు, బాబాయి నుంచి అతని కొడుక్కి నాలుగు. కాబట్టి వాడుకలో మొదటి అంచె కజిన్, చట్టంలో నాలుగో అంచె బంధువు. మధ్యయుగపు చర్చి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఒకవైపే లెక్కపెట్టేది కాబట్టి ఆ లెక్కలో అతనే రెండో అంచె. మనిషి ఒక్కడే, అంకెలు మూడు. ఇది కాగితం మీది తేడా మాత్రమే కాదు. జర్మన్ క్రిమినల్ ప్రొసీజర్ 52వ సెక్షన్ ప్రకారం పక్క శాఖలో మూడో అంచె వరకు ఉన్న బంధువులు నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి నిరాకరించవచ్చు. మేనమామకు, మేనల్లుడికి ఆ హక్కు ఉంది. కజిన్‌కు బంధుత్వం పేరుతో ఆ హక్కు లేదు. దస్తావేజు అనువదించేటప్పుడు మేనల్లుడిని తేలిగ్గా కజిన్ అని రాసేస్తే ఎంత ముప్పో దీన్ని బట్టి ఊహించవచ్చు.

మాటల ప్రయాణంలో చిన్న ముచ్చట్లు చాలా ఉన్నాయి. బంధుప్రీతిని ఇంగ్లిష్‌లో నెపొటిజమ్ అంటారు, అది పోప్‌లు తమ తోబుట్టువుల పిల్లలకు పదవులు కట్టబెట్టిన కాలపు ఇటాలియన్ మాట. జర్మన్‌లో అదే ‘ఫెట్టర్న్‌విర్ట్‌షాఫ్ట్’, కజిన్ల పెత్తనం. రోజువారీ మాటల్లో ఫెట్టర్ తగ్గిపోయినా పత్రికల్లో ఈ రూపంలో గట్టిగానే బతికి ఉంది. దూరపు చుట్టాన్ని జర్మన్లు ‘ఏడు మూలల అవతలి చుట్టం’ అంటారు, మన బీరకాయ పీచు చుట్టరికంలా. చింపాంజీలు మనుషుల కజిన్లు అని ఇంగ్లిష్‌లో రాస్తే, జర్మన్‌లో అక్కడ దగ్గరి బంధువులు అంటే సరిపోతుంది. మగా ఆడా అనే గొడవ ఉండదు.

ఇప్పుడు తెలుగు వైపు. ఒక్క కజిన్‌కు తెలుగులో ఎనిమిది మాటలు వస్తాయి. బాబాయి, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మల పిల్లలైతే అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. మేనత్త, మేనమామల పిల్లలైతే, మగవాడి వైపు నుంచి, బావ, బావమరిది, వదిన, మరదలు. అమెరికాకు చెందిన మానవశాస్త్రవేత్త మోర్గాన్ ప్రపంచ భాషల బంధుత్వపు మాటలను పోగుచేసి 1871లో అచ్చువేసిన పెద్ద గ్రంథంలో తెలుగు, తమిళ, కన్నడ పట్టికలు కూడా ఉన్నాయి. అంత దూరంలో ఉన్న మనిషిని కూడా ఈ పద్ధతి ఆకట్టుకుంది. 1955 హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు అందరినీ నిషిద్ధ బంధుత్వంలోనే పెట్టింది. ఆచారం ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. మేనరికం ఆ మినహాయింపు వల్లే చెల్లుతోంది.

అయితే తెలుగే అన్నీ చెబుతుందని అనుకుంటే అది నిజం కాదు. ‘మా అన్నయ్య’ అంటే సొంత అన్నా, పెదనాన్న కొడుకా? ఆ మాట చెప్పదు. జర్మన్‌లో ‘బ్రూడర్’ అంటే ఒకే తల్లిదండ్రుల కొడుకు, అనుమానం ఉండదు. కజిన్ అనే మాట తెలుగు ఇళ్లలో అంత తేలిగ్గా స్థిరపడిపోవడానికి అసలు కారణం ఇదే అనిపిస్తుంది. సొంత అన్న కాదు అని చెప్పడానికి మనకు పొట్టి మాట లేదు, ఆ ఖాళీలో అది కూర్చుంది. అది చాలక ‘కజిన్ బ్రదర్’, ‘కజిన్ సిస్టర్’ కూడా వచ్చాయి. ఇంగ్లిష్ దేశాల వాళ్లకు అది తప్పులా వినిపిస్తుంది గానీ, జర్మన్ అడిగే మగా ఆడా అనే ప్రశ్నకు మనవాళ్లు సొంతంగా చెప్పుకున్న జవాబు అది. దాన్ని వెక్కిరించాల్సిన పనేమీ లేదు. బాధ వేరేచోట ఉంది. మేనమామ కొడుకును పరిచయం చేస్తూ కజిన్ అన్నప్పుడు, బావ అనే మాటలోని చనువు, వేళాకోళం, పెళ్లి ఊహ అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. కావాలనే అలా ఆర్పేవాళ్లూ ఉన్నారు, బావా మరదళ్ల పరాచికాలు ఇష్టం లేని అమ్మాయిలకు కజిన్ అనే మాట కాస్త ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది. ఆ అవసరాన్ని తీసిపారేయలేం.

తోడల్లుడి దగ్గర మాత్రం జర్మన్ మనతో నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో భార్య చెల్లెలి భర్తకు ప్రత్యేకమైన మాట లేక, ఇక్కడ ‘కో-బ్రదర్’ అని కల్పించుకున్నాం. జర్మన్‌లో అందుకు ‘ష్విప్‌ష్వాగర్’ ఉంది. వదిన తమ్ముడికీ అదే మాట వాడతారు కాబట్టి మన తోడల్లుడు, షడ్డకుడు అంత కచ్చితమైంది కాదు. అయినా ఉంది. జర్మనీలో ఉన్నవాళ్లు ఊరి నుంచి చుట్టాలను పిలిపించుకునేటప్పుడు పూచీకత్తు కాగితంలో బంధుత్వం గడి నింపాలి. అక్కడ బావ అంటే కుజేఁ అని రాయాలా, ‘ష్వాగర్’ అని రాయాలా అన్న టెన్షన్ నిజమైనదే. మేనత్త కొడుకైతే కుజేఁ. అక్క భర్త అయితే ష్వాగర్. మేనత్త కొడుకే అక్కను చేసుకుంటే రెండూ రాయొచ్చు, మన ఇళ్లలో అది అరుదేమీ కాదు.

అన్నిటికంటే కష్టమైన పరీక్ష షేక్స్‌పియర్ నాటకాల్లో ఎదురవుతుంది. ఆయన కాలంలో కజిన్ అంటే అన్నదమ్ముల కొడుకు కూడా. హామ్లెట్‌ను పినతండ్రి క్లాడియస్ ‘నా కజిన్ హామ్లెట్, నా కొడుకు’ అంటాడు. జర్మన్ అనువాదకుడు ష్లేగెల్ అక్కడ ఫెట్టర్ అని పెట్టాడు, ఆ పాత మాటకు అంత వెడల్పు ఉంది కాబట్టి చెల్లింది. తెలుగులో అన్న కొడుకు ఎలాగూ కొడుకే. రెండు మాటల మధ్య షేక్స్‌పియర్ పెట్టిన దూరం తెలుగులోకి వచ్చేసరికి నిలవదు.

రోమియో జూలియట్‌లో ఇంకో చోటు ఉంది. వీధి కొట్లాటలో టిబాల్ట్ చనిపోతాడు. జూలియట్ తల్లి పరుగెత్తుకొచ్చి, ‘టిబాల్ట్, నా కజిన్! మా తోబుట్టువు కొడుకు!’ అని గుండెలు బాదుకుంటుంది. ఆ తోబుట్టువు మగవాడని మూలంలో స్పష్టంగానే ఉంది. అంటే ఆమె మేనత్త, పోయినవాడు మేనల్లుడు. జూలియట్‌కు టిబాల్ట్ మేనమామ కొడుకు. కూతురు కూడా అతన్ని కజిన్ అనే ఏడుస్తుంది. తల్లి ఏడుపు జర్మన్‌లోకి వస్తే నెఫె, కూతురి ఏడుపు ఫెట్టర్. తెలుగులో తల్లికి అల్లుడు, కూతురికి బావ. జూలియట్ భర్త రోమియో చేతిలో చచ్చిపోయినవాడు ఆమెకు మేనబావ అని తెలియగానే తెలుగు పాఠకుడికి ఆ దుఃఖం ఇంకో మెట్టు లోతుగా తగులుతుంది. కానీ తల్లి మాటను తెలుగు చేయడానికి పెన్ను పట్టుకుంటే మొదటి అడుగులోనే ఆగాలి. ‘మా అన్న కొడుకా’ అనాలా, ‘మా తమ్ముడి కొడుకా’ అనాలా? నాటకం మొత్తం వెతికినా ఆ సంగతి ఎక్కడా లేదు.